సిలికాన్ చిప్ మీద కాంతిని తిప్పే మెమ్స్ యాక్చుయేటర్: బెంగళూరులో మొదటిసారి చేసేవాళ్లకి

మెమ్స్ యాక్చుయేటర్ అంటే వోల్టేజీ ఇస్తే కదిలే అతి చిన్న సిలికాన్ ముక్క, దాన్ని కాంతి దారి పక్కన జరిపి కాంతిని మార్చడమే ఇక్కడ పని. ఈసీఈ నుంచి వచ్చినవాళ్లు ఈ పనిలో దిగగానే చేసేది ఆప్టికల్ సిమ్యులేషన్. మోడ్ బొమ్మలు, అంటే లోపల కాంతి ఎలా పరుచుకుందో చూపేవి, రంగురంగులుగా వస్తాయి, గైడ్‌కి చూపిస్తే ఆయనా సంతోషిస్తాడు, సెమిస్టర్ సగం అందులోనే అయిపోతుంది. ఆ తర్వాత చిప్ తయారై వస్తుంది, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే కదలాల్సిన ముక్క కింది సబ్‌స్ట్రేట్‌కి అతుక్కుపోయి ఉంటుంది, లేదా అసలు ఆ చోట ముక్కే ఉండదు. ఆప్టిక్స్ ఎంత గొప్పగా చేసినా అప్పుడు ఎందుకూ పనికిరాదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఈ పని వెనక నుంచి ముందుకి చేయండి. ముందు కదిలే ముక్క కింద ఉన్న ఆక్సైడ్‌ని, అంటే గాజు లాంటి పొరని, ఎలా తీసేస్తామో తేల్చుకోండి, దాన్ని బట్టి స్ప్రింగు గీయండి, స్ప్రింగుని బట్టి వోల్టేజీ, కాంతి లెక్క ఆఖర్న. ఈ గైడ్ కూడా అదే వరసలో ఉంటుంది.

అసలు ఎందుకు ఇంత కష్టం, హీటర్ పెట్టి వేడితోనే కాంతిని మార్చుకుంటే సరిపోదా అని అడుగుతారు. ఒకటో రెండో అయితే సరిపోతుంది, హాయిగా హీటరే పెట్టుకోండి. సిలికాన్ వక్రీభవన గుణకం ఒక్క డిగ్రీకి 0.00018 చొప్పున మారుతుంది, అంటే 1550 నానోమీటర్ల కాంతికి 100 మైక్రాన్ల పొడవులో సగం తరంగం తేడా రావాలంటే వేవ్‌గైడ్, అంటే కాంతి నడిచే సన్నని సిలికాన్ దారి, దాదాపు 43 డిగ్రీలు వేడెక్కాలి. మామూలు హీటర్‌కి దీనికి 20-30 మిల్లీవాట్లు పడుతుంది, పైగా ఆ స్థితిలో ఉన్నంతసేపూ పడుతూనే ఉంటుంది. ఇలాంటివి వెయ్యి పెడితే గోరంత చిప్ మీద 20-30 వాట్లు, పక్కవాటికి కూడా వేడి పాకి ఒకటి తిప్పితే ఇంకోటి కదులుతుంది. ఎలక్ట్రోస్టాటిక్ యాక్చుయేటర్ అలా కాదు, కెపాసిటర్‌ని ఒకసారి చార్జ్ చేస్తే అయిపోయింది, పట్టి ఉంచడానికి కరెంటు దాదాపు అక్కర్లేదు. కాలిఫోర్నియాలో బర్కిలీ వాళ్లు 2019లో 240 ఇన్‌పుట్లు, 240 అవుట్‌పుట్ల స్విచ్ ఈ పద్ధతిలోనే చేసి చూపించారు, అంటే 57,600 చిన్న మెమ్స్ స్విచ్‌లు, ఒక్కోటి మైక్రోసెకను లోపే మారుతుంది. అన్ని హీటర్లు పెట్టి అదే పని చేయాలంటే చిప్ కాదు, పొయ్యి అవుతుంది.

కానీ బర్కిలీ వాళ్లది చూసి మొదటి చిప్‌కే పైకీ కిందకీ కదిలే అడియాబాటిక్ కప్లర్ (కాంతిని ఒక దారి నుంచి ఇంకో దారికి మెల్లగా మళ్లించేది) మొదలుపెట్టకండి. దానికి రెండు వేవ్‌గైడ్ పొరలు కావాలి, ఒక పొర మీద ఇంకో పొరని సరిగ్గా అమర్చాలి, ఆ ప్రాసెస్ మన చేతిలో ఉండదు. ఒకే పొరలో, పక్కకి కదిలే డిజైన్ తీసుకోండి. 220 నానోమీటర్ల సిలికాన్ పొర, కింద 2 మైక్రాన్ల ఆక్సైడ్ ఉన్న ఎస్‌ఓఐ (ఇన్సులేటర్ మీద సిలికాన్) వేఫర్. దాని మీద సాగదీసిన రేస్‌ట్రాక్ ఆకారంలో ఒక రింగ్ రెజొనేటర్ (కాంతి చుట్టూ తిరిగే వేవ్‌గైడ్, కొన్ని తరంగాల్నే పట్టుకుంటుంది, దాన్నే రెజొనెన్స్ అంటారు), ఆ రింగ్ తిన్నని భాగం పక్కన ఒక సన్నని సిలికాన్ రైలు, ఆ రైలుని ముందుకీ వెనక్కీ జరిపే కోంబ్ డ్రైవ్, అంటే ఒకదాని వేళ్లలోకి ఒకటి దూరే రెండు దువ్వెనలు. వోల్టేజీ ఇస్తే అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, తిరిగి వెనక్కి లాగేది స్ప్రింగులా వంగే సన్నని సిలికాన్ పట్టీలు. రైలు దగ్గరికొస్తే వేవ్‌గైడ్‌లో పోయే కాంతికి ఎదురయ్యే ఇండెక్స్ కొంచెం పెరుగుతుంది, రింగ్ రెజొనెన్స్ పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. రింగే ఎందుకంటే కొద్దిపాటి మార్పుని కూడా అది స్పష్టంగా చూపిస్తుంది, పెద్ద ఇంటర్‌ఫెరోమీటర్ అక్కర్లేదు.

ఎక్కడ చేయాలి

బెంగళూరులో ఉన్నవాళ్లకి ఇదొక వరం. యశ్వంత్‌పూర్ పక్కనే ఐఐఎస్‌సీ, అందులో సెన్స్ అనే నానో సైన్స్ సెంటర్, దానికి నేషనల్ నానో ఫ్యాబ్రికేషన్ సెంటర్ అనే క్లీన్‌రూమ్, పక్కనే కొలతలకి క్యారెక్టరైజేషన్ ఫెసిలిటీ. బయటి కాలేజీల వాళ్లు ఇలాంటి ల్యాబులు వాడుకోవడానికి ఉన్న ఐఎన్‌యూపీ-ఐటూఐ ప్రోగ్రామ్ కింద అప్లై చేసుకోవచ్చు, ఐఐటీ మద్రాస్ కూడా ఆ ప్రోగ్రామ్‌లో ఉంది కాబట్టి చెన్నైలో ఉన్నవాళ్లు అక్కడ ప్రయత్నించవచ్చు. చిత్తూరు, కర్నూలు, గుంటూరు కాలేజీల నుంచి వచ్చే మన పిల్లలు చాలామందికి ఈ దారి ఉందనే తెలియదు. ప్రపోజల్‌లో "ఫోటానిక్స్ భవిష్యత్తు" అని రెండు పేజీలు రాయకండి, ఏ మిషన్ మీద ఏ స్టెప్ చేస్తారో, ప్రతి స్టెప్ తర్వాత ఏం కొలుస్తారో వరసగా రాయండి. చూసేవాళ్లకి కావాల్సింది అదే.

ఇంకో దారి, సిలికాన్ వేవ్‌గైడ్ల వరకు బయటి ఫౌండ్రీలో (చిప్‌లు చేసిపెట్టే ఫ్యాక్టరీలో) మల్టీ ప్రాజెక్ట్ వేఫర్ షటిల్‌లో, అంటే చాలామంది డిజైన్లు ఒకే వేఫర్‌ని పంచుకునే విడతలో, చేయించుకుని, ఆక్సైడ్ తీసే పని మాత్రం ఇక్కడ చేసుకోవడం. బెల్జియంలోని ఐమెక్, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ వాళ్ల కార్నర్‌స్టోన్, ఇలాంటివి ఉన్నాయి. నెలలు పడుతుంది, కానీ గీతలు బాగా వస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, 248 నానోమీటర్ల డీప్ యూవీ లితోగ్రఫీలో (కాంతితో వేఫర్ మీద గీతలు అచ్చు వేయడంలో) 180-250 నానోమీటర్ల కంటే సన్నని సందుని నమ్ముకోకూడదు. ఫౌండ్రీ ఇచ్చే డిజైన్ రూల్స్‌లో ఏ అంకె ఉంటే దాని పైనే ఉండండి. ఎలక్ట్రాన్ కిరణంతో గీసే ఈ-బీమ్ అయితే ఇంకా సన్నగా వస్తుంది, కానీ చోటు చిన్నది, టైమ్ ఎక్కువ.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు లేవని ఆగిపోవద్దు. లేఅవుట్‌కి కేలేఅవుట్, పైథాన్ వచ్చినవాళ్లకి జీడీఎస్‌ఫ్యాక్టరీ, మోడ్‌లకి ఎంపీబీ, కాంతి ప్రయాణానికి మీప్, మెకానిక్స్‌కి ఎల్మర్ లేదా క్యాల్క్యులిక్స్, అన్నీ ఉచితమే. కాలేజీలో ఖరీదైన లైసెన్స్ ఉంటే వాడుకోండి, లేకపోయినా పని ఆగదు.

ముందు రిలీజ్

రిలీజ్ అంటే కింది ఆక్సైడ్‌ని తీసేసి ముక్క కదిలేలా వదిలించడం. ఆ ఆక్సైడ్‌ని తినేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, అందరూ హెచ్‌ఎఫ్ అంటారు. ద్రవంలో ముంచడం ఒక పద్ధతి, ఆవిరిలో పెట్టడం ఇంకో పద్ధతి. ఆవిరి దొరికితే ఆవిరే. ఎందుకో లెక్క వేసి చూద్దాం. కదిలే ముక్క విస్తీర్ణం 60 చదరపు మైక్రాన్లు, కింద ఖాళీ 1.5 మైక్రాన్లు అనుకోండి. ద్రవంలోంచి తీసి ఆరబెట్టినప్పుడు ఆ సందులో నీరు మిగిలితే తలతన్యత వల్ల వచ్చే పీడనం దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఉంటుంది, బలంగా చూస్తే 6 మైక్రోన్యూటన్ల దగ్గర. మన స్ప్రింగు ఒకటిన్నర మైక్రాన్లు కిందకి వంగినప్పుడు తిరిగి లాగే బలం 0.4 మైక్రోన్యూటన్లు మాత్రమే. పోటీయే లేదు. తడిసిన రెండు గాజు పలకలు ఎలా అతుక్కుంటాయో అలా అతుక్కుని, నీళ్లు ఆరినా వదలదు. సరదాకి చెప్తున్నా, అదే ముక్క తన సొంత బరువుకి వంగేది పికోమీటరు మాత్రమే. ఈ సైజులో భూమ్యాకర్షణ అసలు లెక్కలోకి రాదు, గోలంతా నీళ్లతోనే.

ద్రవం తప్ప గతి లేకపోతే నీటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మార్చి, క్రిటికల్ పాయింట్ డ్రయ్యర్‌లో పెట్టాలి. ఆల్కహాల్ స్థానంలో ద్రవ కార్బన్ డయాక్సైడ్ నింపి, 31 డిగ్రీలు, 74 బార్ దాటిస్తే ద్రవానికీ వాయువుకీ తేడా పోతుంది, తలతన్యతే ఉండదు, అప్పుడు మెల్లగా వాయువుని వదిలేస్తారు. పని చేస్తుంది. కానీ చిప్‌ని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చేటప్పుడు ఒక్క క్షణం ఆరినా అంతే.

ఆవిరిలో ఉన్న మెలిక ఏంటంటే, ఆక్సైడ్ కరిగినప్పుడు పుట్టేవాటిలో నీరు కూడా ఉంది. ఆ నీరే రియాక్షన్‌ని ఇంకా వేగంగా నడిపిస్తుంది, ఎక్కువైతే చిప్ మీద చెమ్మలా దిగి మళ్లీ అతుక్కునే కథే. అందుకే చిప్‌ని కాస్త వేడిగా, 35-45 డిగ్రీల దగ్గర ఉంచుతారు, ఒకేసారి కాకుండా విడతలుగా చేస్తారు, ముందుగా చిప్‌ని హాట్‌ప్లేట్ మీద ఆరబెడతారు. వర్షాకాలంలో ఇది మరీ ముఖ్యం. బెంగళూరు గాలి చాలావరకు పొడిగానే ఉంటుంది కాబట్టి ఇక్కడివాళ్లు పట్టించుకోరు, అదే రెసిపీ సముద్రం పక్కన చెన్నైలో అలాగే వస్తుందనుకోవద్దు.

హెచ్‌ఎఫ్ గురించి సీరియస్‌గా ఒక మాట. పలచని హెచ్‌ఎఫ్ చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు, గంటల తర్వాత తెలుస్తుంది, అప్పటికి లోపలికి దిగి కాల్షియంని పట్టేసుకుంటుంది, గుండెకి కూడా ప్రమాదం. ట్రైనింగ్ అయ్యాకే, ఇంకొకరు పక్కన ఉండగానే, కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఎక్కడుందో చూసుకున్నాకే ముట్టుకోండి. పడితే నీళ్లతో కడిగి, జెల్ రాసి, నొప్పి ఉన్నా లేకపోయినా ఆసుపత్రికి. ఇందులో తొందర, మొహమాటం, "సార్ రావడానికి లేటవుతుంది మనమే చేసేద్దాం" లాంటివి వద్దు.

ఇప్పుడు రిలీజ్ నుంచి డిజైన్‌కి వచ్చే నియమాలు. హెచ్‌ఎఫ్ అన్ని వైపులకీ ఒకేలా తింటుంది. పక్కకి 1.5 మైక్రాన్లు తింటే కిందకి కూడా దాదాపు అంతే. కాబట్టి కదిలే ముక్క ఎక్కడా 3 మైక్రాన్ల కంటే వెడల్పు ఉండకూడదు, ఉంటే మధ్యలో రంధ్రాలు పెట్టాలి. ఆగి ఉండాల్సిన యాంకర్ మాత్రం 10 మైక్రాన్ల చదరం పెట్టండి, చుట్టూ ఒకటిన్నర పోయినా మధ్యలో 7 మైక్రాన్ల ఆక్సైడ్ కాలు మిగులుతుంది. గ్రేటింగ్ కప్లర్లు (ఫైబర్‌కీ చిప్‌కీ మధ్య కాంతిని దాటించే గీతల వరసలు), మిగతా వేవ్‌గైడ్లు కూడా ఆక్సైడ్ మీదే నిలబడి ఉన్నాయి కదా, వాటిని కాపాడకపోతే అవీ తేలిపోతాయి. యాక్చుయేటర్ చుట్టూ ఒక కిటికీ మాత్రం తెరిచి మిగతా చిప్‌ని అల్యూమినా పొరతో కప్పడం నాకు తెలిసినంతలో మంచి పద్ధతి, అటామిక్ లేయర్ డిపొజిషన్‌తో వేసిన కొన్ని పదుల నానోమీటర్ల పొర ఆవిరిని బాగా ఆపుతుంది. మామూలు ఫోటోరెసిస్ట్ కొద్దిసేపే ఆగుతుంది, తర్వాత అంచుల్లో లేచిపోతుంది. వోల్టేజీ ఇచ్చే ప్యాడ్‌లకి క్రోమియం మీద బంగారం వేయండి, టైటానియం వద్దు, దాన్ని హెచ్‌ఎఫ్ తినేస్తుంది, బంగారం మొత్తం ఊడివస్తుంది.

చిప్ మూల ఒక చోట కొలబద్ద పెట్టుకోండి. 1 మైక్రాన్ నుంచి 6 మైక్రాన్ల దాకా అర మైక్రాన్ చొప్పున పెరిగే చదరాల వరస. ఎచింగ్ అయ్యాక ఎంత వెడల్పు వరకు చదరాలు ఎగిరిపోయాయో మైక్రోస్కోప్‌లో చూస్తే, అందులో సగమే పక్కకి తిన్న దూరం. టైమ్ చూసి ఊహించడం కంటే ఇది వంద రెట్లు నయం. దీని పక్కనే 5, 10, 20, 40 మైక్రాన్ల పొడవున్న కాంటిలీవర్లు (ఒక చివరే బిగించిన పట్టీలు) కొన్ని పెట్టండి, ఎంత పొడవు నుంచి అతుక్కుంటున్నాయో చూస్తే మీ రిలీజ్ ఎంత శుభ్రంగా ఉందో తెలిసిపోతుంది.

స్ప్రింగు, కోంబ్, వోల్టేజీ

ఒక చివర యాంకర్‌కి, ఇంకో చివర తిన్నగా జరిగే ముక్కకి బిగించిన సన్నని పట్టీ గట్టిదనం లెక్క సులువు. యంగ్స్ మాడ్యులస్‌ని మందంతో, వెడల్పు ఘనంతో గుణించి పొడవు ఘనంతో భాగించడమే. సిలికాన్‌కి మామూలుగా మనం గీసే దిశలో 169 గిగాపాస్కల్. 220 మందం, 300 వెడల్పు, రెండూ నానోమీటర్లలో, 20 మైక్రాన్ల పొడవు వేస్తే ఒక్కో పట్టీ మీటరుకి 0.125 న్యూటన్లు, నాలుగు పెడితే 0.5. కోంబ్ బలం అంటే వేళ్ల సంఖ్య, శూన్య పర్మిటివిటీ, మందం, వోల్టేజీ వర్గం, వీటి గుణకారాన్ని వేళ్ల మధ్య సందుతో భాగిస్తే వస్తుంది. 20 వేళ్లు, 300 నానోమీటర్ల సందు, 20 వోల్టులు అయితే 52 నానోన్యూటన్లు. అంటే కదలిక 104 నానోమీటర్లు. మనకి కావాల్సింది ఇంచుమించు అంతే. ఇక్కడ మందం సందు కంటే తక్కువ కాబట్టి అంచుల్లో ఉబికే ఫీల్డ్ కూడా గట్టిగానే ఉంటుంది, నిజమైన బలం ఈ సూత్రం చెప్పేదానికంటే ఎక్కువే వస్తుంది, ఎల్మర్‌లో ఒకసారి వేసుకుని చూడండి.

వెడల్పు ఘనం అన్నది చాలామంది పట్టించుకోరు. లితోగ్రఫీలో 300 కాస్తా 270 అయితే గీత పది శాతమే సన్నబడినట్టు, స్ప్రింగు మాత్రం 27 శాతం మెత్తబడుతుంది. అందుకే ఒకే డిజైన్ పెట్టి దేవుడిమీద భారం వేయకండి. పొడవు 15, 20, 25, 30 మైక్రాన్లు, ప్రతి పొడవుకి రెండు మూడు వెడల్పులు, ఒక పట్టిక లాగా చిప్ మీద పరిచేయండి, సిలికాన్ చోటు చవక, ఇంకో షటిల్ చవక కాదు.

ఇంకో సంగతి. మన పట్టీ వెడల్పు 300, మందం 220. అంటే పక్కకి కంటే కిందకి వంగడమే దానికి తేలిక, సుమారు సగం బలం చాలు. కాబట్టి కదిలే ముక్కకీ సబ్‌స్ట్రేట్‌కీ మధ్య వోల్టేజీ తేడా ఉంటే అది పక్కకి జరగకుండా కిందకి దిగి కూర్చుంటుంది. కదిలే ముక్కని గ్రౌండ్ చేయండి, చిప్ కింద సబ్‌స్ట్రేట్‌ని కూడా కండక్టివ్ టేపుతోనో సిల్వర్ పేస్టుతోనో గ్రౌండ్ చేయండి, వోల్టేజీ మాత్రం కదలని దువ్వెనకే ఇవ్వండి. సబ్‌స్ట్రేట్‌ని గాల్లో వదిలేసి "డివైస్ పనిచేయడం లేదు" అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

కోంబ్ బదులు రెండు సమాంతర పలకలు పెడితే తక్కువ చోటులో ఎక్కువ బలం వస్తుంది, నిజమే, కానీ సందులో మూడో వంతు కదిలాక పట్టు తప్పి ఒక్కసారిగా మూసుకుపోతుంది, దాన్నే పుల్-ఇన్ అంటారు. ఆన్-ఆఫ్ స్విచ్‌కి అది మంచిదే, మెల్లగా ట్యూన్ చేయాలంటే కాదు. కోంబ్‌లో కూడా వేళ్లు అడ్డంగా పక్కకి లాక్కుని అతుక్కునే ప్రమాదం ఉంది, స్ప్రింగు ఆ దిశలో బాగా గట్టిగా ఉండేలా చూసుకోండి. ఎలాగైనా స్టాపర్ పెట్టండి, మొత్తం అంచు కాకుండా చిన్న బుడిపె ఒకటి తగిలేలా. ఆ స్టాపర్ కదిలే ముక్కతో సమానమైన వోల్టేజీలో ఉండాలి, అంటే అదీ గ్రౌండే. లేకపోతే తగిలిన క్షణం షార్టై అక్కడే వెల్డ్ అయిపోతుంది.

డోపింగ్, అంటే కరెంటు బాగా పారేలా సిలికాన్‌లో మలినాలు కలపడం, కావాలా అని అడుగుతారు. మొదటి డివైస్‌కి లేకపోయినా నడుస్తుంది. 10 ఓమ్-సెంటీమీటర్ల మామూలు సిలికాన్ పొర ఈ మందంలో చదరానికి దాదాపు 4.5 లక్షల ఓమ్‌లు, దారి వంద చదరాల పొడవున్నా 45 మెగా ఓమ్‌లు. భయంకరంగా కనిపిస్తుంది, కానీ కోంబ్ కెపాసిటెన్స్ పది ఫెమ్టోఫారాడ్‌ల లోపలే కాబట్టి చార్జ్ అవడానికి అర మైక్రోసెకను. ఫౌండ్రీలో డోపింగ్ ఉంటే కాంటాక్ట్ దగ్గర వాడండి, వేవ్‌గైడ్ దరిదాపులకి మాత్రం రానివ్వకండి, కాంతిని మింగేస్తుంది.

ఇప్పుడు కాంతి

గాలిలో నిలబడ్డ 450 నానోమీటర్ల వెడల్పు వేవ్‌గైడ్ నుంచి బయటికి పొంగే కాంతి చాలా తొందరగా తగ్గిపోతుంది, తీవ్రత ప్రతి 60 నానోమీటర్లకీ దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. దీని అర్థం, రైలు 400 దూరంలో ఉండి 300కి వస్తే ఏమీ కనపడదు, 200 నుంచి 100కి వస్తే బాగా కనపడుతుంది. అందుకే లితోగ్రఫీ ఇచ్చే అతి చిన్న సందుతో మొదలుపెట్టి, దగ్గరికి లాగే వైపే కోంబ్ పెట్టాలి. స్టాపర్ 150 నానోమీటర్లు జరిగాక ఆపేలా చూసుకోండి.

రైలు వెడల్పు వేవ్‌గైడ్ వెడల్పుతో సమానంగా పెట్టకండి. సమానమైతే అది డైరెక్షనల్ కప్లర్ అవుతుంది, కాంతి రైలులోకి దూకి వెళ్లిపోతుంది. మనకి కావాల్సింది ఇండెక్స్ మార్పు మాత్రమే, దొంగతనం కాదు. బాగా సన్నగా పెట్టి మోడ్ సాల్వర్‌లో రెండిటి ఇండెక్స్‌లు దూరంగా ఉన్నాయో లేదో చూడండి.

రైలు పక్కనే ఉంది కాబట్టి రిలీజ్‌లో ఆ చోట వేవ్‌గైడ్ కింద ఆక్సైడ్ కూడా పోతుంది, తప్పదు, రెండు పక్కల నుంచీ 225 నానోమీటర్లు తింటే చాలు అది గాల్లో తేలుతుంది. సిలికాన్ పొరలో తయారీ నుంచే కొంత కుదింపు ఒత్తిడి ఉంటుంది. రెండు చివర్లా బిగించిన 30 మైక్రాన్ల పట్టీ విల్లులా వంగిపోవడానికి 30 మెగాపాస్కల్ చాలు, అదే 15 మైక్రాన్లయితే 120 కావాలి. అందుకే కిటికీ 15 మైక్రాన్ల లోపు, రైలు 10 మైక్రాన్లు. ఇంకా పొడవు కావాలంటే మధ్యలో వేవ్‌గైడ్‌ని కాస్త వెడల్పు చేసి, అక్కడ పక్కలకి సన్నని చేతులు పెట్టి పట్టుకోవాలి, దానికి కొంత కాంతి పోతుంది.

100 మైక్రాన్ల చుట్టుకొలత రింగ్‌లో 10 మైక్రాన్ల భాగంలో ఇండెక్స్ 0.005 మారితే రెజొనెన్స్ 0.18 నానోమీటర్లు జరుగుతుంది. క్యూ విలువ (రెజొనెన్స్ ఎంత సన్నగా ఉందో చెప్పే అంకె) పది వేలు ఉంటే రెజొనెన్స్ వెడల్పు 0.155, కాబట్టి స్పష్టంగా కనపడుతుంది. కానీ సిలికాన్ రింగ్ ఒక్క డిగ్రీ వేడికే 0.08 వరకు జరుగుతుంది, అంటే ఏసీ ఆన్ ఆఫ్ అయితే వచ్చే రెండు డిగ్రీలు మీ యాక్చుయేటర్ చేసిన పని మొత్తాన్ని మింగేయగలవు. చిప్ కింద టెక్ కూలర్ (కరెంటుతో టెంపరేచర్‌ని నిలకడగా ఉంచేది) పెట్టండి, పక్కనే యాక్చుయేటర్ లేని రెండో రింగ్ ఒకటి పెట్టి ప్రతిసారీ రెండింటి తేడానే చూడండి.

టేబుల్ మీద

చిప్ రాగానే ఎస్‌ఈఎమ్‌లో, అంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో, పెట్టేయాలని చేతులు దురదపెడతాయి. ఆగండి. ఎలక్ట్రాన్ బీమ్ చార్జ్ పోగేసి తేలుతున్న ముక్కల్ని లాగి అతికించగలదు. ముందు ఆప్టికల్ మైక్రోస్కోప్, కిందకి దిగిన ముక్క ఫోకస్‌లో, రంగులో తేడాగా కనిపిస్తుంది. వైట్ లైట్ ఇంటర్‌ఫెరోమీటర్ దొరికితే ఎత్తులు నేరుగా తెలుస్తాయి. కొలతలన్నీ అయ్యాక ఎస్‌ఈఎమ్, అది కూడా తక్కువ కిలోవోల్టుల్లో.

తర్వాత వోల్టేజీ లేకుండా కాంతి మాత్రం. ట్యూనబుల్ లేజర్, పోలరైజేషన్ కంట్రోలర్, 8 డిగ్రీల కోణంలో ఫైబర్ అర్రే, చిప్ మీద కప్లర్లు 127 మైక్రాన్ల దూరంలో పెట్టుకుని ఉంటే రెడీమేడ్ అర్రే సరిపోతుంది. ఒక్కో కప్లర్‌కి 5 డీబీ పోయిందని కంగారు పడొద్దు, మామూలే. ఫైబర్ పట్టుకునే అల్యూమినియం బ్రాకెట్ విదేశాల నుంచి తెప్పించకుండా పీణ్యలో మిల్లింగ్ షాపుకి డ్రాయింగ్ తీసుకెళ్లండి, కొలతలు మిల్లీమీటర్లలో, టాలరెన్స్‌తో సహా రాసి ఇస్తే చక్కగా చేస్తారు. రెసిస్టర్లు, బీఎన్‌సీ కేబుళ్లు, కనెక్టర్లు ఎస్పీ రోడ్డులో, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్‌లో. 1550 కాంతి కంటికి కనపడదు, ఫైబర్ చివర్లోకి తొంగి చూసే అలవాటు మానండి.

ఇక వోల్టేజీ. సోర్స్ మీటర్‌లో కరెంటు పరిమితి 100 నానోయాంపియర్లు, వరసలో ఒక మెగా ఓమ్ రెసిస్టర్, అర వోల్టు చొప్పున పెంచుతూ పోండి. ప్రతి అడుగులో స్పెక్ట్రమ్ తీసుకోండి. పైకి వెళ్లినట్టే కిందకీ రండి, రెండు దారులూ ఒకటి కాకపోతే ఎక్కడో తగులుతోంది లేదా చార్జ్ చిక్కుకుంటోంది. రెజొనెన్స్ జరగడం వోల్టేజీ వర్గంతో సరళరేఖలో రాలేదని గాభరా పడకండి, కదలిక మాత్రమే వర్గంతో పెరుగుతుంది, కాంతి స్పందన దూరంతో ఎక్స్‌పొనెన్షియల్‌గా మారుతుంది, రెండూ కలిస్తే గీత పైకి వంగుతుంది. చిప్ మీద మెల్లగా పొడి నైట్రజన్ వదులుతూ ఉంటే కరెంటు లీకేజీ సగం సమస్యలు ముందే పోతాయి.

వేగం కొలవడానికి లేజర్‌ని రెజొనెన్స్ వాలు మీద నిలిపి, కోంబ్‌కి సైన్ వేవ్ ఇచ్చి, డిటెక్టర్ అవుట్‌పుట్ చూడండి. ఒట్టి సైన్ ఇస్తే అవుట్‌పుట్ రెండింతల ఫ్రీక్వెన్సీలో వస్తుంది, బలం వోల్టేజీ వర్గం కదా, అందుకని ముందు కొన్ని వోల్టుల డీసీ ఇచ్చి దాని మీద చిన్న సైన్ వేయాలి. పైన చెప్పిన ముక్కకి బరువు 30 పికోగ్రాముల దగ్గర, స్ప్రింగు 0.5, లెక్కకి 600 కిలోహెర్ట్జ్ పైన మోగాలి. బాగా తక్కువలో మోగిందంటే పట్టీలు సన్నబడ్డాయి, బాగా ఎక్కువలో మోగిందంటే ఏదో ఒక మూల ఇంకా ఆక్సైడ్ పట్టుకుని ఉంది.

అంతా బాగుంటే ఓ రాత్రి వదిలేయండి. డీసీ కాకుండా ప్లస్ మైనస్ మారే స్క్వేర్ వేవ్‌తో, బలానికి గుర్తుతో పని లేదు, చార్జ్ మాత్రం ఒక వైపే పేరుకోదు. దాన్ని సెకనుకి వెయ్యి సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ పోతే ఎనిమిది గంటల్లో 2.9 కోట్ల సైకిళ్లు అవుతాయి. పొద్దున్నే అదే వోల్టేజీ స్వీప్ మళ్లీ తీసి పాతదాని మీద పరచండి. గీత వోల్టేజీ అక్షం వెంట పక్కకి జరిగితే అది చార్జింగ్, ప్లస్ వైపు, మైనస్ వైపు విడివిడిగా స్వీప్ చేస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. సున్నా వోల్టుల దగ్గరే రెజొనెన్స్ జరిగి ఉంటే ముందు పక్కనున్న రెండో రింగ్ చూడండి, అదీ అంతే జరిగితే టెంపరేచర్. అది కదలకుండా ఇది మాత్రమే జరిగితే రైలు పాత చోటికి తిరిగి రావడం లేదు, స్టాపర్ దగ్గర అంటుకుంటోంది, వచ్చే లేఅవుట్‌లో బుడిపెని చిన్నది చేసి స్ప్రింగుని ఇంకో మెట్టు గట్టిది చేయాలి.